పెద్ద డాక్టరు ఎక్కడ.. ఆరోగ్యశ్రీ ఎక్కడ చెల్లుతుంది?
జైనూర్ మండల రోగులు తెలుసుకోవలసిన వివరాలు

జైనూర్: జ్వరం వారం దాటినా తగ్గకపోయినా, చక్కెర వ్యాధి అదుపు తప్పినా, కాళ్లు వాచి ఆయాసం వచ్చినా ‘ఎండీ డాక్టరుకు చూపించండి’ అన్న సలహా ఏజెన్సీ గ్రామాల్లో తరచూ వినిపిస్తుంది. ఆ వెంటనే రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. అటువంటి డాక్టరు దగ్గరలో ఎక్కడ ఉంటారు? చేతిలోని ఆరోగ్యశ్రీ కార్డు అక్కడ పనికివస్తుందా? వీటికి సరైన సమాధానం తెలియక కొందరు పట్టణాల్లోని ప్రైవేటు క్లినిక్కులకు వెళ్లి, పరీక్షలకు, మందులకు అప్పు చేస్తున్నారు. మరికొందరు ఖర్చుకు జంకి ఇంటివద్దనే ఉండిపోయి వ్యాధిని ముదరబెట్టుకుంటున్నారు. పథకం ఏ దశలో వర్తిస్తుందో ముందే తెలిస్తే ఈ రెండు నష్టాలనూ చాలావరకు నివారించుకోవచ్చు.

ఎవరీ ఎండీ డాక్టరు?

ఎంబీబీఎస్ పూర్తిచేసిన తరువాత జనరల్ మెడిసిన్‌లో మూడేళ్ల పీజీ చదివి ఎండీ లేదా డీఎన్‌బీ పట్టా పొందినవారిని ఫిజీషియన్ అంటారు. శస్త్రచికిత్స అవసరం లేని పెద్దల వ్యాధులన్నీ మొదట వీరి పరిధిలోకే వస్తాయి. రక్తపోటు, చక్కెర వ్యాధి, థైరాయిడ్, ఉబ్బసం, క్షయ, రక్తహీనత, కామెర్లు, మూత్రపిండాల వ్యాధులు, విషజ్వరాలు, పక్షవాతం, గుండెనొప్పి వంటివి ఇందులో ఉన్నాయి. గుండె, కిడ్నీ, నరాల నిపుణుల వద్దకు పంపవలసిన అవసరం ఉందో లేదో నిర్ణయించేదీ చాలావరకు ఫిజీషియనే.

బోర్డుపై డాక్టరు అని రాసి ఉన్నంత మాత్రాన ఫిజీషియన్ అయినట్లు కాదు. పట్టా పేరు పక్కన ‘జనరల్ మెడిసిన్’ అని ఉన్నదీ లేనిదీ, రాష్ట్ర వైద్య మండలి రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నదీ లేనిదీ గమనించాలి. గ్రామాల్లో తొలి పలకరింపు ఆర్‌ఎంపీలదే అయినప్పటికీ వారు వైద్య మండలిలో నమోదైన డాక్టర్లు కారు. నొప్పుల ఇంజెక్షన్లు, మాత్రలు పదేపదే వాడితే మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదముంది. రెండుమూడు రోజుల్లో గుణం కనిపించని జబ్బును అక్కడే సాగదీయడం మంచిది కాదు.

మండలంలో ఎంతవరకు వైద్యం?

దేశవ్యాప్త ప్రమాణాల ప్రకారం గిరిజన ప్రాంతాల్లో 3 వేల జనాభాకు ఒక ఉపకేంద్రం, 20 వేల జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 80 వేల జనాభాకు ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. మైదాన ప్రాంతాల్లో ఈ సంఖ్యలు వరుసగా 5 వేలు, 30 వేలు, 1.20 లక్షలు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండేది ఎంబీబీఎస్ వైద్యాధికారి. ఫిజీషియన్, సర్జన్, స్త్రీల వైద్య నిపుణులు, పిల్లల వైద్యుడు ఉండవలసింది సామాజిక ఆరోగ్య కేంద్రం నుంచి పై స్థాయిలోనే.

కాగితంపై పోస్టు ఉన్నంత మాత్రాన డాక్టరు ఉన్నట్లు కాదు. కేంద్ర ప్రభుత్వం వెలువరించిన 2021-22 గ్రామీణ ఆరోగ్య గణాంకాల ప్రకారం దేశంలోని గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో అవసరమైన స్పెషలిస్టుల్లో దాదాపు 80 శాతం కొరత ఉంది. మారుమూల మండలాల్లో ఫిజీషియన్ దొరకకపోవడానికి ఇదే మూలకారణం.

అయినా మొదటి అడుగు జైనూర్‌లోని ప్రభుత్వ ఆసుపత్రిలోనే వేయడం మేలు. మలేరియా రక్తపరీక్ష, చికిత్స అక్కడ ఉచితం. వైవాక్స్ రకం మలేరియాకు జ్వరం తగ్గాక కూడా ప్రైమాక్విన్ మాత్రలు 14 రోజులు వాడవలసి ఉంటుంది. మధ్యలో ఆపివేస్తే జ్వరం తిరగబెట్టవచ్చు. రక్తపోటు, చక్కెర వ్యాధి మందులు, క్షయ చికిత్స సైతం ప్రభుత్వ రంగంలో ఉచితంగానే లభిస్తాయి. క్షయ రోగులకు పోషకాహారం నిమిత్తం 2018లో నెలకు రూ.500 చొప్పున మొదలైన సాయాన్ని 2024 నవంబరు నుంచి రూ.1000కి పెంచారు.

రక్త నమూనాలను ఆరోగ్య కేంద్రంలోనే సేకరించి, జిల్లా కేంద్రంలోని ప్రయోగశాలలో పరీక్షించే తెలంగాణ డయాగ్నస్టిక్స్ సేవలు 2021 జూన్‌లో ఆదిలాబాద్, ఆసిఫాబాద్ సహా 19 జిల్లాలకు విస్తరించాయి. పట్టణంలో డబ్బు చెల్లించి చేయించుకునే పలు పరీక్షలు ఇక్కడ ఉచితం. ప్రయాణానికి ముందే ఇవి చేయించుకుంటే ఫిజీషియన్ వద్ద సమయం, ఖర్చు రెండూ ఆదా అవుతాయి. వైద్యాధికారి కంప్యూటరు ద్వారా దూరంగా ఉన్న నిపుణుడిని సంప్రదించే ఈ-సంజీవని టెలిమెడిసిన్ విధానం కూడా అందుబాటులో ఉంది. మందుల మోతాదు మార్చడం వంటి వాటికి ప్రయాణం చేయకుండానే సలహా లభించే అవకాశం ఉన్నందున వైద్యాధికారిని ఈ విషయం అడగవచ్చు.

ఆరోగ్యశ్రీ దేనికి.. దేనికి కాదు

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరి పొందే చికిత్సల కోసం ఏర్పాటైన పథకం. ప్రైవేటు క్లినిక్‌లో డాక్టరు ఫీజు, చీటీపై రాసిన మాత్రలు, మామూలు రక్తపరీక్షల ఖర్చును అది భరించదు. ‘కార్డు తీసుకునే ఎండీ డాక్టరు’ కోసం పట్టణంలోని క్లినిక్కుల చుట్టూ తిరిగినా ఫలితం లేకపోవడానికి కారణం ఇదే. పథకం ఒప్పందం డాక్టరుతో కాదు, ఆసుపత్రితో. తొలినాళ్ల నిబంధనల ప్రకారం నెట్‌వర్క్‌లో చేరాలంటే ఆసుపత్రికి కనీసం 50 పడకలు ఉండాలి. అందువల్ల చిన్న క్లినిక్కులు మొదటినుంచీ దాని పరిధికి వెలుపలే ఉండిపోయాయి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ ప్రయోగాత్మకంగా ప్రారంభమైంది. 2008లో రాష్ట్రమంతటికీ విస్తరించింది. తొలుత కుటుంబానికి ఏడాదికి రూ.1.50 లక్షలు, అవసరమైతే అదనంగా మరో రూ.50 వేలు పరిమితిగా ఉండేది. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరు 9 నుంచి ఈ పరిమితిని రూ.10 లక్షలకు పెంచింది. 2024లో మరో 163 చికిత్సలను జాబితాలో చేర్చింది.

కేంద్ర ప్రభుత్వ ఆయుష్మాన్ భారత్ పథకం 2018 సెప్టెంబరు 23న మొదలైంది. తెలంగాణ 2021లో ఇందులో చేరింది. దీని పరిమితి కుటుంబానికి ఏడాదికి రూ.5 లక్షలు. 70 ఏళ్లు నిండిన వృద్ధులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా వర్తింపజేసే వయ వందన కార్డుల జారీ 2024 అక్టోబరు 29న ప్రారంభమైంది.

ఫిజీషియన్ చూసే జబ్బుల్లో ఆసుపత్రిలో చేర్చవలసినవి పలు ఈ పథకాల పరిధిలో ఉన్నాయి. గుండెపోటు, పక్షవాతం, మూత్రపిండాల వైఫల్యం, తీవ్రమైన ఊపిరితిత్తుల వ్యాధులు, అత్యవసర విభాగంలో కృత్రిమ శ్వాస అవసరమయ్యే స్థితులు ఇందుకు ఉదాహరణలు. రోగి పరిస్థితి జాబితాలోని ఏ చికిత్స కిందకు వస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర చూసి చెబుతారు. కొన్ని చికిత్సలు ప్రభుత్వ ఆసుపత్రులకే కేటాయించి ఉన్నందున వాటికి ప్రైవేటులో కార్డు చెల్లదు.

ఆసిఫాబాద్‌కా.. ఆదిలాబాద్‌కా?

2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనలో జైనూర్ మండలం ఉమ్మడి ఆదిలాబాద్ నుంచి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోకి మారింది. గిరిజనాభివృద్ధి సంస్థ కార్యాలయం ఉన్న ఉట్నూర్ మాత్రం ఆదిలాబాద్ జిల్లాలోనే ఉంది. కెరమెరి ఘాట్ మీదుగా ఆసిఫాబాద్‌కు ఒక దారి, ఉట్నూర్ మీదుగా ఆదిలాబాద్‌కు మరో దారి జైనూర్ ప్రజలకు ఉన్నాయి. జిల్లా మారినంత మాత్రాన వైద్యానికి హద్దులు లేవు. ఏ జిల్లా వారైనా ఏ ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా ఓపీ చీటీ తీసుకొని చూపించుకోవచ్చు. రాష్ట్రంలోని ఏ నెట్‌వర్క్ ఆసుపత్రిలోనైనా ఆరోగ్యశ్రీ వినియోగించుకోవచ్చు.

ఆదిలాబాద్‌లోని రాజీవ్‌గాంధీ వైద్య విజ్ఞాన సంస్థ, అంటే రిమ్స్, 2008లో ఏర్పాటైంది. మంచిర్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల 2022లో, ఆసిఫాబాద్, నిర్మల్, కరీంనగర్‌లలో 2023లో ప్రారంభమయ్యాయి. వైద్య కళాశాల అంటే విద్యార్థులకు మాత్రమే సంబంధించినదని భావించరాదు. ప్రతి వైద్య కళాశాలకూ బోధనాసుపత్రి, అందులో జనరల్ మెడిసిన్ విభాగం తప్పనిసరి. అందువల్ల బీమాతో పని లేకుండా, ఓపీ చీటీతోనే ఫిజీషియన్‌ను కలిసే మార్గం ఈ ఆసుపత్రులే. పీజీ వైద్య విద్యార్థులు మూడు నెలలపాటు జిల్లా ఆసుపత్రుల్లో పనిచేయాలన్న నిబంధన కూడా ఉంది.

ఓపీ సేవలు ప్రధానంగా ఉదయం వేళల్లోనే ఉంటాయి. మధ్యాహ్నం చేరుకునేవారు మరుసటి రోజు వరకు ఆగవలసి వస్తుంది. కనుక తొలి బస్సుకు బయలుదేరడం మంచిది. మహిళలకు 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణ సౌకర్యం ఉంది. నెలనెలా మందులకు వెళ్లే మహిళా రోగులకు ఇది గణనీయమైన ఊరట.

బయలుదేరే ముందు

నెట్‌వర్క్ ఆసుపత్రి అని బోర్డు ఉన్నంత మాత్రాన అన్ని జబ్బులకూ కార్డు చెల్లుతుందని అనుకోరాదు. ఆసుపత్రులకు విభాగాల వారీగా అనుమతి ఉంటుంది. ఎముకల చికిత్సకు మాత్రమే గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో పక్షవాతం రోగిని చేర్చితే బిల్లు కుటుంబంపైనే పడవచ్చు. అందుచేత 104కు ఫోన్ చేసి మూడు విషయాలు నిర్ధారించుకోవాలి. ఆ ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉన్నదా? రోగి జబ్బుకు సంబంధించిన విభాగానికి అక్కడ అనుమతి ఉన్నదా? ప్రస్తుతం సేవలు కొనసాగుతున్నాయా?

మూడో ప్రశ్నకు కారణం లేకపోలేదు. ప్రభుత్వం నుంచి రావలసిన బకాయిలు పేరుకుపోయాయంటూ ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు 2025లో ఆరోగ్యశ్రీ సేవలను నిలిపివేసిన సందర్భాలు ఉన్నాయి. అటువంటి సమయాల్లో ప్రభుత్వ బోధనాసుపత్రులే ఆధారం.

వెంట తీసుకువెళ్లవలసినవి ఇవి.

- ఆహార భద్రతా కార్డు లేదా పాత ఆరోగ్యశ్రీ కార్డు, ఉంటే ఆయుష్మాన్ కార్డు.
- రోగి ఆధార్ కార్డు.
- ఆరోగ్య కేంద్రం వైద్యాధికారి రాసిన రెఫరల్ చీటీ.
- పాత చీటీలు, పరీక్షల నివేదికలు, ప్రస్తుతం వాడుతున్న మందుల అట్టలు.

కార్డులో పేరు లేకపోతే అనుమతి సమయంలో ఇబ్బంది ఎదురవుతుంది. కొత్తగా వచ్చిన కోడలు, తరువాత పుట్టిన పిల్లల పేర్లు చేర్పించకపోవడం వల్ల ఈ సమస్య వస్తుంది. రాష్ట్రంలో కొత్త రేషన్ కార్డుల పంపిణీ 2025 జూలైలో మొదలైంది. జబ్బు చేయకముందే మీ-సేవలో పేర్లు సరిచూసుకోవడం మేలు.

డాక్టరు వద్ద నాటు మందుల సంగతి దాచరాదు. కొన్ని మందులు ఒకదానితో మరొకటి పడకపోవచ్చు. గోండి, కొలామి, మరాఠీ మాత్రమే తెలిసిన పెద్దలకు తెలుగు తెలిసిన కుటుంబ సభ్యుడు తోడుండాలి. ఎవరూ లేనిపక్షంలో ఆశ కార్యకర్త సాయం కోరవచ్చు.

ఆసుపత్రిలో జరిగే తీరు

నెట్‌వర్క్ ఆసుపత్రిలో తొలుత ఆరోగ్యమిత్ర కౌంటరు వద్ద కార్డు చూపి పేరు నమోదు చేయించుకోవాలి. డాక్టరు పరీక్షించి చేర్చుకోవాలని నిర్ణయిస్తే, ఆసుపత్రి వారు వివరాలను ఆరోగ్యశ్రీ ట్రస్టుకు పంపుతారు. ట్రస్టు వైద్యులు పరిశీలించి అనుమతిస్తారు. ప్రాణాపాయ స్థితిలో ఫోన్ ద్వారానే అనుమతి పొందే ఏర్పాటు ఉంది. కనుక అనుమతి రాలేదన్న కారణంతో అత్యవసర చికిత్స ఆగనవసరం లేదు.

అనుమతి లభించిన చికిత్సకు మందులు, పరీక్షలు, పడక, రోగి భోజనం అన్నీ ప్యాకేజీలో భాగమే. వాటికోసం విడిగా డబ్బు అడిగితే రశీదు కోరాలి. ముందుగా ఆరోగ్యమిత్రకు, తరువాత 104కు ఫిర్యాదు చేయవచ్చు. జిల్లా ఆరోగ్యశ్రీ సమన్వయకర్తకు గానీ, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో గానీ అర్జీ ఇవ్వవచ్చు. జైనూర్ వాసులు చికిత్స ఆదిలాబాద్‌లో పొందినా అర్జీని సొంత జిల్లా కేంద్రమైన ఆసిఫాబాద్‌లో ఇవ్వవచ్చు.

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు డిశ్చార్జి సారాంశం తప్పక తీసుకోవాలి. ఆయుష్మాన్ నిబంధనల ప్రకారం చేరడానికి ముందు 3 రోజులు, ఇంటికి వచ్చాక 15 రోజుల మందులు, పరీక్షల ఖర్చు కూడా ప్యాకేజీలోకి వస్తుంది. ఆరోగ్యశ్రీలో ఎంపికచేసిన కొన్ని జబ్బులకు ఆ తరువాత కూడా తదుపరి వైద్యం, మందులు ఇచ్చే ఏర్పాటు ఉంది. రోగి జబ్బుకు అది వర్తిస్తుందో లేదో ఆరోగ్యమిత్రను అడిగి, తిరిగి రావలసిన తేదీని చీటీపై రాయించుకోవాలి.

మహారాష్ట్రకు వెళితే..

సరిహద్దు ప్రాంతం కావడంతో చంద్రపూర్, నాగపూర్ ఆసుపత్రులకు వెళ్లేవారూ ఉన్నారు. ఆయుష్మాన్ లబ్ధిదారులు దేశంలో ఎక్కడైనా ఆ పథకంలో చేరిన ఆసుపత్రిలో చికిత్స పొందవచ్చు. అయితే దానికి ఆహార భద్రతా కార్డు ఒక్కటే చాలదు. ఆయుష్మాన్ జాబితాలో పేరు ఉండి, కార్డు తీసుకొని ఉండాలి. ఈ వివరాలను 14555 నంబరులో తెలుసుకోవచ్చు. పేరు లేనివారు రాష్ట్రం దాటితే ఖర్చు సొంతంగా భరించవలసి వస్తుంది.

దీర్ఘరోగులకు ఏది దారి?

నెలనెలా మందులు వాడవలసిన రోగులకు బీమా కన్నా ప్రభుత్వ ఓపీయే ముఖ్యం. ఏడాదికి రెండు మూడు సార్లు బోధనాసుపత్రి ఫిజీషియన్‌కు చూపించుకొని, ఆ చీటీ ఆధారంగా మిగతా నెలల్లో స్థానిక ఆరోగ్య కేంద్రంలోనే మందులు తీసుకోవడం తక్కువ ఖర్చుతో కూడిన పద్ధతి. అక్కడ లేని మందులను జనరిక్ దుకాణాల్లో కొనుగోలు చేయవచ్చు. మందు పేరు కంపెనీ పేరుతో కాక అసలు పేరుతో రాయమని డాక్టరును కోరితే సరిపోతుంది.

గోండు తదితర ఆదివాసీ కుటుంబాల్లో కనిపించే సికిల్‌సెల్ రక్తహీనత విషయంలో మరింత శ్రద్ధ అవసరం. కీళ్లనొప్పులు, తరచూ కామెర్లు, పదేపదే రక్తం ఎక్కించవలసి రావడం దీని లక్షణాలు. దీని నిర్మూలనకు జాతీయ కార్యక్రమం 2023 జూలై 1న ప్రారంభమైంది. 40 ఏళ్లలోపు వారికి పరీక్షలు జరిపి కార్డులు ఇవ్వడం అందులో భాగం. వధూవరులు ఇద్దరూ ఈ లక్షణాన్ని మోసేవారైతే పుట్టే ప్రతి బిడ్డకూ వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది. పెళ్లికి ముందే పరీక్ష చేయించుకోవాలని వైద్యులు సూచించేది ఇందుకే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో సికిల్‌సెల్, తలసీమియా వ్యాధులను చేర్చినందున అర్హులు ధ్రువపత్రం కోసం దరఖాస్తు చేసుకోవచ్చు.

ఒప్పంద, పొరుగు సేవల ఉద్యోగుల్లో జీతం నుంచి ఈఎస్‌ఐ కోత పడుతున్నవారికి మరో మార్గముంది. నెల వేతనం రూ.21 వేల లోపు ఉన్నవారికి వర్తించే ఈ బీమాలో ఆసుపత్రిలో చేరకపోయినా డాక్టరు సలహా, మందులు లభిస్తాయి. డిస్పెన్సరీలో కుటుంబ సభ్యుల పేర్లు కూడా నమోదు చేయించుకోవాలి. పథకాల జాబితాలో లేని చికిత్సకు ఖర్చయినపుడు బిల్లులతో ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు చేసుకునే వీలుంది.

కార్డు వెతుకుతూ ఆగరాదు

ఛాతీలో నొప్పి, ఒక పక్క చేయి కాలు పడిపోవడం, మాట తడబడటం, ఊపిరి ఆడకపోవడం, జ్వరంతో మగతగా పడి ఉండటం, పాము కాటు.. ఇటువంటి స్థితిలో ఏ ఆసుపత్రిలో కార్డు చెల్లుతుందన్న ఆలోచనతో కాలయాపన చేయరాదు. వెంటనే 108కు ఫోన్ చేసి సమీప ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. పక్షవాతంలో రక్తపు గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటల్లోపు ఇవ్వవలసి ఉంటుంది. ఘాట్ దారిలో గడిచే సమయం కూడా అందులో భాగమే. కార్డు, ఆధార్ పత్రాలను కుటుంబ సభ్యులు తరువాత తెచ్చి ఇవ్వవచ్చు.

ముఖ్యమైన ఫోన్ నంబర్లు

అత్యవసర అంబులెన్స్: 108
ఆరోగ్యశ్రీ సమాచారం, ఫిర్యాదులు: 104
ఆయుష్మాన్ భారత్: 14555